సగం ట్యాంకు

జూన్ 3

మామయ్యా,

అమ్మ ఫోనులో అరిచి చెప్పే ఉంటుంది. ఇంజన్ల మోతకు అరిగిపోయిన నీ చెవులకు అందులో సగమే ఎక్కి ఉంటుంది. అందుకే రాస్తున్నాను. పరీక్ష తప్పాను. పైలట్ లైసెన్సు రాతపరీక్షలు నాలుగింటిలో మూడు ఎప్పుడో గట్టెక్కాను కదా, విమానం సంగతులు అడిగే నాలుగో పేపరు ముంచింది. యాభైకి ముప్ఫై ఏడు. ముప్ఫై ఎనిమిది వస్తే పాసు. ఒక్క ప్రశ్న, మామయ్యా!

తప్పినందుకు కాదు, పాసైన మొహాలు చూస్తే ఒళ్ళు మండుతోంది. నా పక్క బల్లవాడిని మేము జెల్ అంటాం. వాడి తలకు పైన అది తప్ప లోపల ఇంకేమీ లేదు. రన్‌వే పక్కన గాలిసంచి ఎగురుతుంటే చూసి గాలి దిక్కు తలకిందులుగా చెప్పిన ఘనుడు. వాడికి నలభై ఒకటి! ఫలితాలు అంటించిన బోర్డు దగ్గర నా భుజం తట్టి, "పర్లేదులే, ఆడపిల్లలకి ఇంజన్లు కొంచెం కష్టం" అన్నాడు. వాడి వాచీ గాజు పగిలింది తర్వాత. ఎలా పగిలిందో నాకు తెలియదు.

తప్పుగా రాసిన ప్రశ్నల జాబితా ఇచ్చారు. పదమూడులో పన్నెండు నిజంగా నా తెలివితక్కువే, ఒప్పుకుంటాను. పదమూడోది చూసి మాత్రం నవ్వొచ్చింది. వానాకాలంలో చిన్న విమానాన్ని సాయంత్రం నుంచి పొద్దున దాకా నిలిపి ఉంచితే పెట్రోలు ట్యాంకు ఎలా ఉండాలి అని అడిగారు. నేను 'సగం' అని గడి నింపాను. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ప్రతి సెలవుల్లోనూ నువ్వు విమానాలు బాగుచేసే హ్యాంగరులో స్టూలెక్కి నీ పని చూశాను కదా. సగమే ఉంచి, పొద్దున తాజాగా నింపేవాడివి. వీళ్ళేమో 'నిండుగా' అంటున్నారు.

ఇప్పుడు రెండే దార్లు. జులై చివర్లో ఉన్న పరీక్ష మళ్ళీ రాయాలి. లేదా రీవాల్యుయేషన్ అడగాలి. రెండూ కుదరవు. రీవాల్యుయేషన్ తేలేదాకా అదే పేపరు మళ్ళీ రాయనివ్వరట, ఇది ఏ మేధావి పెట్టిన రూలో. ఆగస్టు దాటితే పాసైన మూడు పేపర్లూ చెల్లవు. ఎగిరే శిక్షణలో నా సీటు ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆ ఇంకెవరో జెల్ తమ్ముడే అయి ఉంటాడు, నా అదృష్టం కొద్దీ.

ఏం చెయ్యమంటావు? అమ్మనడిగితే రెండు దార్లకీ ఏడుస్తుంది.

నీ కోడలు పిల్ల


జూన్ 9

ముప్ఫై ఏడు మార్కుల పైలటమ్మకు మామయ్య రాయునది,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి మీ అత్తకు వినిపించడానికి. ఆవిడ "మళ్ళీ రాస్తే పోలా" అంది. పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు కూడా గోడ మీంచి తొంగిచూసి అదే అన్నాడు. ఆయన జీవితమంతా పిల్లలచేత మళ్ళీ మళ్ళీ రాయించడమే కదా, ఇంకో మాట ఎలా వస్తుంది! నిన్న ఆయన నీళ్ళ మోటారు ఆగిపోతే విప్పి చూశాను. లోపల తొండ దూరింది. "మోటారులోకి తొండ ఎలా వచ్చిందండీ" అని నన్నడిగాడు. ఇలాంటివాళ్ళ సలహాలు వినమంటావా?

మళ్ళీ రాయడమంటే తప్పు ఒప్పుకోవడం. తప్పు నీది కానప్పుడు ఎందుకు ఒప్పుకోవాలి? ఆ ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు నాకు తెలుసు. గోళ్ళలో ఒక్కరోజు కూడా గ్రీజు దూరనివాళ్ళు. విమానాన్ని పుస్తకంలో బొమ్మగా చూసి, ఆ బొమ్మ మీద ప్రశ్నలు రాసేవాళ్ళు. పైలట్ల సంగతి సరేసరి. ముప్ఫై ఒక్క ఏళ్ళు వాళ్ళ వెనక తిరిగాను. విమానమంటే రెక్కలున్న కుర్చీ అనుకునే జాతి అది. అద్దం మీద ఈగ వాలితే తుడవమని నన్ను పిలిచేవాళ్ళు. ఆ జాతిలోకి నువ్వెందుకు పోతున్నావో నాకిప్పటికీ అర్థం కాదు. పోతే పో, కానీ తలెత్తుకుని పో.

సాయంత్రం ట్యాంకు నిండా పోస్తే మర్నాడు ఎండెక్కగానే పొంగి మూత పక్కనుంచి కారుతుంది. నేను తుడిచిన రెక్క మీద చారలు పడతాయి. పైగా రాత్రంతా నిలవున్న పెట్రోలుతో ఎవడు ఎగురుతాడు? పొద్దున తాజాగా పోసుకోవాలి. ఇది పుస్తకంలో ఉండదు, చేతిలో ఉంటుంది.

రీవాల్యుయేషన్ వెయ్యి. దాంతోపాటు నా కాగితం ఒకటి జత చెయ్యి. సంతకం పెట్టి ఇందులో పంపుతున్నాను. అందులో ఏముందో చదువుకో:

"నేను శిక్షణ విమానాల హ్యాంగరులో ముప్ఫై ఒక్క ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసులో ఒక్క సాయంత్రం కూడా చిన్న విమానం ట్యాంకు నిండుగా నింపలేదు. సగమే ఉంచి, పొద్దున ఎగిరే ముందు నింపాను. నా పని వల్ల ఏ విమానానికీ ఏ హానీ జరగలేదు. కాబట్టి అభ్యర్థిని ఇచ్చిన సమాధానమే సరైనది."

హ్యాంగరు పేరు, నా ఉద్యోగం నంబరు కూడా వేశాను. చూసి నోళ్ళు మూసుకుంటారు.

మామయ్య


జూన్ 15

మామయ్యా,

వేసేశాను. నీ కాగితంతో సహా.

రీవాల్యుయేషన్ కౌంటర్ మూడో అంతస్తులో, చివరి గదిలో ఉంది. లిఫ్టు రెండో అంతస్తుతో ఆగిపోతుంది. మనసు మార్చుకోవడానికి ఒక అంతస్తు మెట్లు మిగిల్చారన్నమాట. అక్కడ కూర్చున్నావిడ నా దరఖాస్తును రెండు వేళ్ళతో పట్టుకుంది, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు.

"జతపరిచినవెన్ని?"

"ఒకటండీ. మా మామయ్య రాసిచ్చింది."

"ఆయన ప్రశ్నపత్రాలు తయారుచేసేవారా?"

"కాదండీ, మెకానిక్."

"ఓహో" అంది. అంతే. ఆ ఒక్క ఓహోకి మెట్ల మీంచి కిందకి దొర్లిపోవాలనిపించింది.

జులై పదో తారీఖు లోపు కావాలంటే దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చట. అప్పుడు జత చేసినవన్నీ తిరిగి ఇచ్చేస్తారు, జులై పరీక్షకి కట్టుకోవచ్చు. పది దాటితే ఇక తేలేదాకా కూర్చోవడమే. ఈలోగా ఒకసారి పిలిచి మాట్లాడతారట.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మా క్లాసు మాస్టారికి ఆ ప్రశ్న చూపించాను. ఆయన పెద్దగా తెలివైనవాడేం కాదు, షర్టు గుండీలు ఒకటి ఎగువా ఒకటి దిగువా పెట్టుకొస్తాడు. కానీ ఈ సంగతి చెప్తున్నప్పుడు మాత్రం తడుముకోలేదు. "వేడి గిన్నె మీద మూత పెట్టి తీసి చూడమ్మా, లోపలివైపు నీళ్ళు పట్టి ఉంటాయి. ట్యాంకులో ఖాళీ ఉంటే అంతే. చల్లబడగానే ఆ ఖాళీలో ఉన్న తేమ నీళ్ళవుతుంది. పెట్రోలు కన్నా నీళ్ళు బరువు, అడుక్కి చేరతాయి. పొద్దున నువ్వెంత తాజాగా పోసినా ఇంజన్‌కి ముందు అందేవి ఆ నీళ్ళే. నిండుగా ఉంటే ఖాళీయే ఉండదు కదా" అన్నాడు.

దీనికి జవాబు నీకు తెలిసే ఉంటుంది. ఏం చెప్పాలో రాయి, వాళ్ళు పిలిస్తే చెప్తాను.

హాస్టల్లో జెల్ వాచీ గాజుకు విచారణ వేశారు. నా మీద ఎవరికీ అనుమానం లేదు. ఆడపిల్లని కదా.

కోడలు పిల్ల


జూన్ 21

గుండీలు సరిగ్గా పెట్టుకోలేని మాస్టారి శిష్యురాలికి,

గిన్నెలూ మూతలూ తెచ్చి నాకు విమానాలు నేర్పుతున్నావా? మీ మాస్టారు వంటింట్లో నేర్చుకున్నాడేమో ఆ చదువంతా. నాలుగు రోజులు క్లాసులో కూర్చోగానే మామయ్య చెయ్యి మర్చిపోయి ఊరివాళ్ళ నోళ్ళు పట్టుకుంటున్నావు. నిన్ను స్టూలెక్కించి రెంచి చేతిలో పెట్టింది ఎవరే? ఆ మాస్టారా?

నీళ్ళు పడితే పడనీ. అవి చూసుకోవలసింది ఎక్కేవాడు. ట్యాంకు అడుగున చిన్న కుళాయి ఉంటుంది. ఎక్కే ముందు పైలటు దాన్నుంచి కాస్త గ్లాసులోకి పట్టి చూసుకోవాలి. నీళ్ళుంటే అడుగున వేరుగా కనబడతాయి. అరనిమిషం పని. ఆ అరనిమిషం ఒళ్ళు వంచలేకే కదా మన మొక్కజొన్న కెప్టెన్‌కి ఉన్నదంతా ఊడ్చుకుపోయింది!

నీకు తెలిసిన కథే, అయినా మీ మాస్టారికి వినిపించు. పద్నాలుగేళ్ళ కిందటి మాట. రాత్రంతా వానపడి తెరిపిచ్చిన పొద్దు. ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు, నోట్లో ఈల. మేం చేసిన పని రాసి సంతకం పెట్టే రిజిస్టరు తిప్పి చూశాడు, విమానం చుట్టూ పెళ్ళికొడుకులా ఒక ప్రదక్షిణం చేశాడు, ఎక్కాడు. కుళాయి జోలికే పోలేదు. లేచాడో లేదో ఇంజన్ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, మూగబోయింది. ఎదురుగా మొక్కజొన్న చేను. మేం ట్రాక్టరేసుకుని పోతే, రెక్క విరిగిన విమానం పక్కన, నెత్తిన మొక్కజొన్న పీచుతో, ఎడమ భుజం వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. నల్లద్దాలు మాత్రం చెక్కు చెదరలేదు! విచారణలో పెట్రోలులో నీళ్ళున్నాయని తేలింది, చూసుకోకుండా ఎక్కినందుకు లైసెన్సు పీకేశారు. నన్ను పిలిచి రెండు ముక్కలు అడిగారు, చెప్పాను, వచ్చేశాను.

పెళ్ళిళ్ళలో నువ్వు ఆ భుజం వాల్చుకుని, అత్త నల్లద్దాలు పెట్టుకుని నడిచి చూపిస్తే మీ నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు, గుర్తుందా? ఆ కెప్టెన్ ఏ గుమాస్తా కుర్చీలో మూలుగుతున్నాడో ఇప్పుడు పాపం.

అదీ పైలట్ల తెలివి. వాళ్ళు పిలిస్తే ఇదే చెప్పు. వెనక్కి తీసుకోవడం నాకు గిట్టదు. అలా చేశావో, నా గడప తొక్కకు.

మామయ్య


జూన్ 29

పైలటమ్మగారికి,

ఎనిమిది రోజులైంది. ఉలుకూ పలుకూ లేదు. మీ అత్తచేత మీ అమ్మకు ఫోను చేయిస్తే "ఏమో వదినా, మాట్లాడ్డం లేదు" అంటోందట. అర్థమైంది. దరఖాస్తు వెనక్కి తీసేసుకుని, నాకు మొహం చూపించలేక కూర్చున్నావు. మీ నాన్న పోలిక. ఆయన కూడా బస్సులో సీటు కోసం గొడవ మొదలుపెట్టి, అవతలివాడు లేచి నిలబడగానే టికెట్టు చూసుకునేవాడు.

ఇన్నాళ్ళూ మన ఇంట్లో వెన్నెముక ఉన్నది నీకొక్కదానికే అనుకున్నాను. పోనీలే. జెల్ దగ్గర ట్యూషన్ పెట్టించుకో.

మామయ్య


జూన్ 30

మామయ్యా,

నీ ఇరవయ్యొకటో తారీఖు ఉత్తరం అందిన మర్నాడే నన్ను పిలిచారు. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళూ ఆగాను. ఇప్పుడూ తెలియదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

చిన్న గది. ఒక బల్ల, పాత ప్రశ్నపత్రాల కట్టలు పేర్చిన బీరువా, కిటికీలో ఎవరిదో ఎండిన తువ్వాలు. రీవాల్యుయేషన్ అధికారి లేచి నిలబడి కూర్చోమన్నాడు. ఈ ఆఫీసులో నన్ను చూసి లేచి నిలబడిన మొదటి మనిషి. ఎడమ భుజం కుడిదాని కన్నా బాగా కిందకి ఉంది.

నేను చూడగానే పోల్చుకున్నాను. పోల్చుకోకుండా ఎలా ఉంటాను? ఆ భుజాన్ని పదేళ్ళు పెళ్ళిళ్ళలో ఆడించాను కదా.

"మీ సమాధానం తప్పేనండీ. నిండుగా అన్నదే సరైనది. మార్కు రాదు. మీ టైము వృథా కాకూడదని ముందే చెప్తున్నాను" అన్నాడు. తర్వాత నీ కాగితం తీశాడు. మడత పెట్టిన చోట అప్పటికే బాగా నలిగి ఉంది.

"ఈ సంతకం మీ మామయ్యగారిదేనా?"

"అవునండీ."

"ఆయనే స్వయంగా రాశారా?"

"అవునండీ."

బీరువా పై అరలో ఒక నీలం ఫైలుంది, అది అందివ్వమన్నాడు. దాన్ని దించడానికి రెండు చేతులూ కావాలి, ఆయన ఎడమ చెయ్యి అంత పైకి లేవదట. నేనే తీసిచ్చాను, మామయ్యా. నా చేత్తో. ఆఫీసు ఫైలు కాదది, ఆయన సొంత కాపీ. పద్నాలుగేళ్ళ కిందటి విచారణ. అందులో ఒక పేజీ నా ముందు పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆ ముందురోజు సాయంత్రం ట్యాంకు అంచుదాకా నిండుగా నింపాను. రిజిస్టరులో ఆ మేరకు రాసి సంతకం చేశాను." కింద నీ సంతకం. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. చివర్లో నువ్వు లాగే ఆ తోక కూడా ఒకేలా ఉంది.

ఒకచోట ఒక్క సాయంత్రం కూడా నింపలేదన్నావు. ఇంకోచోట అంచుదాకా నింపానన్నావు. ఏది నిజం?

ఆయన కోప్పడలేదు, గొంతు పెంచలేదు. "మీకిది సంబంధం లేని సంగతి. కావాలంటే మీ ఫైలు ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఈ కాగితానికి ఒక కాపీ తీసుకోవచ్చా?" అని మాత్రం అడిగాడు. ఆలోచించుకుని చెప్తానన్నాను. బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుండిపోయాను. ఓహో అన్నావిడ నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది.

ఒక్క ముక్క రాయి. ఏది నిజం?

కోడలు పిల్ల


జులై 4

అమ్మాయ్,

వెంటనే దరఖాస్తు వెనక్కి తీసుకో. పదో తారీఖు దాకా ఆగొద్దు, ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళు. జత చేసిన కాగితం అడిగి తీసుకో, చించెయ్. కాపీ ఇవ్వడానికి వీల్లేదు. జులై పరీక్ష రాయి, నీ భవిష్యత్తు ముఖ్యం. నేను మొదట్నుంచీ ఆలోచిస్తున్నాను, రెండు దార్లలో మళ్ళీ రాయడమే మేలు.

వాడితో ఒక్క మాట కూడా మాట్లాడకు. వాడి సంగతి నీకు తెలియదు. చేతకాక చేలో పడ్డవాడు ఎవడో ఒకడి మీద తొయ్యాలని చూస్తాడు. నా మీద ఉన్న పగ నీ మార్కుల మీద తీర్చుకుంటున్నాడు. భుజం చూపించి జాలి గుంజుతున్నాడు. నువ్వు ఫైలు అందివ్వడమేమిటి, ఆ మాత్రం తెలివి లేదా?

రిజిస్టరులో అందరూ రాసేదే రాశాను. ఆ గడిలో నిండుగా అని లేకపోతే పై అధికారి ఒప్పుకోడు. రోజూ రాసేదే, ఎవడూ చదవడు. విచారణలో రిజిస్టరు ముందు పెట్టి ఇది నీ రాతేనా అన్నారు. నా రాతే కదా, అవునన్నాను. అందులో అబద్ధమేముంది? కుళాయి చూసుకోనిది వాడు. ఎక్కింది వాడు. పడింది వాడు.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. అత్తకు నేనేమీ చెప్పలేదు, నువ్వూ రాయకు.

మామయ్య


జులై 8

మామయ్యగారికి,

మీరు చెప్పినట్టే దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. జులై పరీక్షకు కట్టాను. మీరు ఇన్నాళ్ళూ చెప్పిందానికి సరిగ్గా తలకిందులుగా చెప్పినా, ఈసారి చెప్పిన దారి సరైనదే కాబట్టి విన్నాను.

మీ కాగితం చించలేదు. ఇందులో పెట్టి పంపుతున్నాను. అది మీరు రాసింది, మీరే చించుకోండి.

ఆయన కాపీ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనే వెళ్ళి, ఇవ్వలేనండీ అని చెప్పాను. "సరేనమ్మా" అన్నాడు. అంతే, నీలం ఫైలు మళ్ళీ పై అరలో పెట్టిపెట్టమన్నాడు. పెట్టాను. మీరన్న పగ నాకెక్కడా కనబడలేదు. పగ ఉన్నవాడు ఇంత తేలిగ్గా వదిలేస్తాడా? పైగా, మళ్ళీ పరీక్షకు ఏ పాఠాలు చదవాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. వాడు, వీడు అనడం నాకిక రాదు, ఏమనుకోకండి.

నాకు ఆయన మీద జాలి లేదు. నా మీద నాకు రోత పుడుతోంది. పిల్లని కాబట్టి తెలియక వెక్కిరించాను అనుకుందామంటే, పోయినేడు బాబాయి పెళ్ళిలో కూడా నడిచి చూపించాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మీరు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. మీరు ఆ చప్పట్లు కొడుతున్నప్పుడు మీకు తెలుసా, తెలియదా? అదొక్కటే నాకు తెలుసుకోవాలని ఉంది. తెలియదంటే మీరు చేతకాని మెకానిక్. తెలుసంటే ఏమనాలో నాకు మాట దొరకడం లేదు.

పైలట్లంటే రెక్కలున్న కుర్చీలో కూర్చునేవాళ్ళని మీరు రాశారు. ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు మీలాంటివాళ్ళ సంతకం చూసి కూర్చుంటారు. రేపు నేనూ అంతే.

ఆయన ఇంటి చిరునామా మీ కాగితం వెనక పెన్సిలుతో రాశాను. ఏం చేసుకుంటారో మీ ఇష్టం. జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
మీ చెల్లెలి కూతురు


ఆగస్టు 19

అమ్మాయ్,

జవాబు అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను, చదవకుండా పడేస్తే పడెయ్.

నలభై నాలుగు వచ్చాయని మీ అమ్మ ఫోనులో అరిచింది. నాకు మొదటిసారే వినబడింది, అయినా మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడు పేపర్లూ నిలిచాయి, సీటు నిలిచింది. నా మాట వింటూ కూర్చుని ఉంటే అన్నీ పోయేవి. ఆ సంగతి నాకు తెలుసని నీకు తెలియాలి.

నువ్వడిగినదానికి జవాబు: తెలుసు.

చప్పట్లు కొడుతున్నప్పుడూ తెలుసు. నీకు రాసిచ్చిన కాగితంలో ఇంకో అబద్ధం కూడా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళూ సగమే ఉంచానన్నది నిజం కాదు. ఆయన చేలో పడిన సాయంత్రమే నేను హ్యాంగరులో ఉన్న విమానాలన్నిటికీ ట్యాంకులు అంచుదాకా నింపాను. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా పదకొండేళ్ళు ఒక్కరోజు తప్పకుండా నిండుగా నింపాను. అంటే ఆ రోజే నాకు తెలుసు. ఆ తర్వాత మీ నాన్నకు బదిలీ అయి నువ్వు హ్యాంగరుకి రావడం మానేశావు. నింపడం నువ్వు చూడలేదు. నీకు నేర్పింది తప్పని చెప్పాలంటే, ఎప్పట్నుంచి మార్చుకున్నావని అడుగుతావు. ఎందుకు మార్చుకున్నావని అడుగుతావు. అందుకని నీ పరీక్ష పోయినా పరవాలేదు అనుకున్నాను. ఇంత గడ్డి కరిచాను. నీకు మాట దొరకలేదన్నావు కదా, నా దగ్గర కూడా లేదు. వెతికాను.

కిందటి సోమవారం ఆయన ఇంటికి వెళ్ళాను. మూడు బస్సులు మారాను. దారిపొడవునా ఆయన్ని తిట్టుకుంటూనే వెళ్ళాను, అలవాటు ఎక్కడికి పోతుంది. తలుపు ఆయనే తీశాడు. నల్లద్దాలు లేవు, ఇంట్లో వేసుకునే పాత చొక్కా, చేతిలో తోటపని కత్తెర. నన్ను గుర్తుపట్టడానికి అరనిమిషం పట్టింది. పట్టాక కూడా లోపలికి రమ్మన్నాడు. తలుపు మొహాన వేస్తే బాగుండేది, మెట్లు దిగి హాయిగా తిట్టుకుంటూ వచ్చేసేవాణ్ణి.

కొత్త కాగితం రాసి తీసుకెళ్ళాను. సాయంత్రం సగమే ఉంచానని, రిజిస్టరులో నిండుగా అని దొంగరాత రాశానని, విచారణలో అబద్ధం చెప్పానని. ఆయన నిలబడే చదివాడు. చదివి, "ఈ వయసులో మిమ్మల్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతారండీ, ఆలోచించుకున్నారా?" అన్నాడు. తిప్పనివ్వండి అన్నాను. నాకు సరిగా వినబడదని తెలుసుకుని దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

ఊరుకోలేక అడిగేశాను. "అన్నీ సరే. ఆ కుళాయి ఎందుకు తిప్పి చూసుకోలేదండీ మీరు?" నా లోపలి వెధవకు ఇంకా ఆశే, కొంచెమైనా తప్పు ఆయన మీదకి పోతుందని.

ఆయన నా చెవి దగ్గరికి వంగి, నిదానంగా చెప్పాడు. "విచారణలోనూ అదే అడిగారండీ, నేను చెప్పలేదు. చూసుకోవలసిన బాధ్యత నాదే, తప్పు తప్పే. కానీ మిగతా మెకానిక్‌ల దగ్గర ఎప్పుడూ చూసేవాణ్ణి. ఆ రోజు రిజిస్టరు తిప్పితే మీ సంతకం ఉంది. మీరు కదా అని చూడలేదు."

 టీ ఇచ్చాడు, తాగాను. చల్లారిపోయి ఉంది, బాగుందని చెప్పాను. పద్నాలుగేళ్ళు నేను ఆ మనిషిని తిట్టింది, వెక్కిరించింది, నీచేత వెక్కిరింపజేసింది, నన్ను నమ్మాడనే. ఇంకే తప్పూ లేదు ఆయనది. బస్సులో కూర్చుని ఏడ్చాను. పక్కనున్నావిడ సీటు మారి కూర్చుంది.

కాగితం పైకి పంపాడు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్తాను. అత్తకు చెప్పేశాను, మూడు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు. అన్నం మాత్రం పెడుతోంది. మీ అమ్మకు ఈ ఉత్తరం చూపించు.

వచ్చే వారం నుంచి నువ్వు ఎగురుతావట. ఎక్కే ముందు కుళాయి తిప్పి నీళ్ళు నువ్వే చూసుకో. రిజిస్టరులో ఎంత మంచివాడి సంతకం ఉన్నా, ఆ మంచివాడు నీ సొంత మేనమామే అయినా, వంగి, గ్లాసులో పట్టి, వెలుతురుకి ఎత్తి చూసుకుని ఎక్కు.

మామయ్య